రాజీకీ రక్షణకూ మధ్య: గృహహింస వ్యాజ్యాలలో సివిల్ నిరోధ ఒప్పందాలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గృహహింస వ్యాజ్యంలో న్యాయస్థానం ఇచ్చే తుది నిరోధ ఉత్తర్వుకు బదులుగా ఇరుపక్షాలూ సంప్రదించి రాసుకొనే ఒప్పందాన్ని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 'సివిల్ రెస్ట్రెయింట్స్' అని వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో దానిని 'సివిల్ నిరోధ ఒప్పందం' అంటున్నాం. ఉత్తర్వులో ఉండే నిబంధనలే ఒప్పందంలోనూ కనిపించినా, ఉల్లంఘన జరిగినపుడు రెండింటి ఫలితాలు పూర్తిగా వేరు. ఈ భేదాన్ని ప్రమాణంగా తీసుకొని ఒప్పందం పుట్టే పరిస్థితినీ, అందులోని భాషనూ, ఆధారిత వీసాపై అక్కడ నివసించే తెలుగు స్త్రీల విషయంలో దాని పర్యవసానాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతీయ గృహహింస చట్టంలోని కౌన్సెలింగ్ నియమాలతోనూ, ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన శాసన సవరణతోనూ పోల్చి, సంప్రదింపు జరిగినంతకాలం తాత్కాలిక రక్షణ ఉత్తర్వు అమలులో ఉండాలన్న నిర్ణయానికి వస్తుంది.

కీలకపదాలు: గృహహింస, నిరోధ ఉత్తర్వు, సివిల్ నిరోధ ఒప్పందం, సమ్మతి, రాజీ, న్యూజెర్సీ, హెచ్-4 వీసా, రక్షణ ఉత్తర్వు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'రాజీ' అన్న మాట అరబ్బీ మూలం నుంచి పారసీ, ఉర్దూ భాషల మీదుగా వచ్చింది. 'సమ్మతించిన, సంతుష్టి చెందిన' అన్నది దాని మూలార్థం. సమ్మతిపత్రమనే అర్థంలో పుట్టిన 'రాజీనామా' తెలుగు వ్యవహారంలో పదవిని వదులుకొనే పత్రంగా స్థిరపడింది. సమ్మతిని తెలిపే మాట వదులుకోవడాన్ని తెలిపే మాటగా మారిన ఈ అర్థపరిణామం గృహహింస వ్యాజ్యాల అధ్యయనానికి ఒక ప్రశ్నను అందిస్తుంది. రాజీపత్రం మీద సంతకం చేసిన స్త్రీ దేనికి సమ్మతించింది? దేనిని వదులుకొంది?

కుటుంబ వివాదాలలో సంప్రదింపు మంచిదన్న అభిప్రాయం న్యాయవ్యవస్థలోనూ సమాజంలోనూ బలంగా ఉంది. ఆస్తి పంపకం, భరణం, పిల్లల సంరక్షణ వంటి విషయాలలో ఆ అభిప్రాయానికి తగిన కారణాలున్నాయి. అయితే గృహహింస వ్యాజ్యంలో బేరానికి వచ్చేది ఆస్తి కాదు, ఒక మనిషి భద్రత. ఇక్కడ సంప్రదింపు ఎంతవరకు చెల్లుతుంది, ఏ షరతులపై చెల్లుతుంది అన్నది ఈ వ్యాసం చర్చించే సమస్య.

ఈ చర్చకు న్యూజెర్సీని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. అక్కడి న్యాయవాదవృత్తిలో ఈ ఒప్పందానికి ప్రత్యేకమైన పేరూ స్థిరమైన ఆచరణా ఉన్నాయి. అలాగే ఎడిసన్ వంటి పట్టణాలలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. దక్షిణాసియా స్త్రీలపై జరిగే హింసను ఎదుర్కోవడానికి అమెరికాలో ఏర్పడిన తొలి సంస్థల్లో ఒకటైన 'మానవి' 1985లో ఈ రాష్ట్రంలోనే ప్రారంభమైంది. న్యూజెర్సీ చట్టం స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుంది. ఈ వ్యాసం మాత్రం స్త్రీలు ఫిర్యాదీలుగా ఉన్న సందర్భాలకే పరిమితం.

2. ఉత్తర్వు - ఒప్పందం: స్వరూపభేదం

న్యూజెర్సీలో గృహహింస నివారణ చట్టం 1991లో ప్రస్తుత రూపాన్ని పొందింది. దాని ప్రకారం బాధితురాలు ఫిర్యాదు చేయగానే, ప్రతివాది పరోక్షంలోనే తాత్కాలిక నిరోధ ఉత్తర్వు ఇవ్వవచ్చు. తుది విచారణను పదిరోజుల లోపల జరపాలి. తుది ఉత్తర్వు ఇవ్వడానికి రెండు అంశాలు తేలాలని 2006లో అప్పిలేట్ డివిజన్ ఇచ్చిన 'సిల్వర్' తీర్పు నిర్దేశించింది. చట్టం పేర్కొన్న నేరాలలో ఒకటి జరిగిందని రుజువు కావడం మొదటిది. తక్షణ ప్రమాదం నుంచి గాని, మళ్లీ జరగబోయే హింస నుంచి గాని ఫిర్యాదీని కాపాడడానికి ఉత్తర్వు అవసరమని తేలడం రెండవది. విచారణలో గత హింసాచరిత్రను తప్పక పరిగణించాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1998 నాటి 'సెసారే' తీర్పులో స్పష్టం చేసింది.

తుది ఉత్తర్వుకు కాలపరిమితి లేదు. న్యాయస్థానం తగిన కారణం చూసి రద్దుచేసేంతవరకు అది అమలులో ఉంటుంది. ప్రతివాది వేలిముద్రలు, ఛాయాచిత్రం తీసుకొంటారు. అతని పేరు రాష్ట్ర గృహహింస కేంద్ర నమోదుపట్టికలో చేరుతుంది. తుపాకులు కలిగి ఉండరాదన్న నిషేధం వర్తిస్తుంది. వీటన్నిటికంటె ముఖ్యమైనది ఉల్లంఘన ఫలితం. ఉత్తర్వును ఉల్లంఘించాడని నమ్మడానికి తగిన ఆధారం కనిపిస్తే పోలీసులు ప్రతివాదిని నిర్బంధించి తీరాలి. ఇందులో వారికి విచక్షణాధికారం లేదు.

సివిల్ నిరోధ ఒప్పందం ఇందుకు భిన్నం. ఫిర్యాదీ తన గృహహింస ఫిర్యాదును ఉపసంహరించుకొంటుంది. దానితో తాత్కాలిక ఉత్తర్వు రద్దవుతుంది. బదులుగా విడాకుల వ్యాజ్యంలో గాని మరొక కుటుంబ వ్యాజ్యంలో గాని సమ్మతి ఉత్తర్వు రూపంలో కొన్ని నిబంధనలు నమోదవుతాయి. ఇంటికి రాకూడదు, ఫోను చేయకూడదు, ఉద్యోగస్థలానికి వెళ్లకూడదు, పిల్లల విషయాలు మాత్రమే రాతపూర్వకంగా మాట్లాడాలి వంటివి వాటిలో ఉంటాయి. చదివినంతలో ఇవి తుది ఉత్తర్వులోని నిబంధనలలాగే కనిపిస్తాయి.

ఒక ఊహాత్మక సందర్భంలో ఈ భేదాన్ని చూడవచ్చు. నిషేధం ఉన్న భర్త ఒక రాత్రి వచ్చి తలుపు తడుతూ నిలుచున్నాడు, ఇంకా బెదిరించలేదు, కొట్టలేదు అనుకొందాం. తుది ఉత్తర్వు ఉంటే ఆమె ఫోను చేస్తుంది, పోలీసులు వచ్చి అతనిని తీసుకుపోతారు. ఒప్పందం మాత్రమే ఉంటే, అతని రాక మరొక నేరంగా మారనంతవరకు, ఉల్లంఘన ఒక్కటే నిర్బంధానికి ఆధారం కాదు. ఆమె తరువాత న్యాయవాదిని కలిసి, ఒప్పందం అమలుకోసం కుటుంబ న్యాయస్థానంలో దరఖాస్తు వేసుకోవాలి. ఫలితం వారాల తరువాత జరిమానాగానో ఖర్చుల చెల్లింపుగానో రావచ్చు. అదే నిబంధన ఒక పత్రంలో ఆ రాత్రికే పనిచేస్తుంది, మరొక పత్రంలో తరువాత ఎప్పుడో పనిచేస్తుంది.

కాబట్టి నిబంధనల సంఖ్యనుబట్టి గాని, వాటి కాఠిన్యాన్నిబట్టి గాని ఒప్పందం విలువ కట్టడం సరికాదు. ఉల్లంఘన జరిగిన క్షణంలో ఎవరు కదులుతారు, ఎంత త్వరగా కదులుతారు, ఆ కదలికకు ఖర్చు ఎవరు భరిస్తారు అన్న మూడు ప్రశ్నలే దాని విలువను నిర్ణయిస్తాయి.

3. సమ్మతి, బేరశక్తి

విడాకుల సంప్రదింపులు న్యాయస్థానం వెలుపల జరిగినా చట్టం నీడలోనే జరుగుతాయని నూకిన్, కార్న్‌హౌసర్ 1979లో ప్రతిపాదించారు. సంప్రదింపు విఫలమైతే న్యాయస్థానం ఏమి ఇస్తుందన్న అంచనాయే ప్రతి పక్షానికీ బేరశక్తిని ఇస్తుందన్నది వారి వాదసారం. ఈ సూత్రాన్ని గృహహింసకు అన్వయిస్తే ఒక విశేషం కనబడుతుంది. తుది ఉత్తర్వు పర్యవసానాలు ఎంత తీవ్రంగా ఉంటే, దానిని తప్పించుకోవాలన్న ఆత్రుత ప్రతివాదిలో అంత పెరుగుతుంది. అంటే బాధితురాలి బేరశక్తి సిద్ధాంతరీత్యా పెరగాలి. తాత్కాలిక ఉత్తర్వు అమలులో ఉన్న ఆ పదిరోజులలో చట్టం ఆమె పక్షానే ఉంది. అయినా ఆచరణలో ఆమె తొందరపడి సంతకం చేయడం ఎందుకు జరుగుతుంది?

దీనికి సిల్వర్ తీర్పులోని రెండవ అంశం ఒక కారణం. నేరం రుజువైనా ఉత్తర్వు అవసరం లేదని న్యాయమూర్తి భావించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అపుడు ఆమె చేతిలో ఉత్తర్వూ ఉండదు, ఒప్పందమూ ఉండదు. ప్రతివాది న్యాయవాది ఈ భయాన్నే ఎత్తిచూపుతాడు. ఈ విచారణలో ప్రభుత్వఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు ఏ పక్షానికీ లేదు. ఆదాయం భర్త చేతిలో ఉన్న ఇంట్లో ఈ సమానత్వం అసమానంగా పనిచేస్తుంది. ఆపైన అడ్డు విచారణ ఉంది. తనను కొట్టిన వ్యక్తి ఎదుట నిలబడి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న వివరాలన్నీ పరభాషలో చెప్పుకోవడం సులభం కాదు.

మధ్యవర్తిత్వం స్త్రీలకు హానికరమయ్యే తీరును ట్రినా గ్రిల్లో 1991లో విశ్లేషించారు. తప్పు ఎవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి భవిష్యత్తునే చూడమనే ప్రక్రియలో, కోపాన్ని వ్యక్తం చేసే హక్కును స్త్రీ కోల్పోతుందని ఆమె వాదించారు. వివాదం అంతం కావడం, న్యాయం జరగడం ఒకటి కావన్న వాదాన్ని ఓవెన్ ఫిస్ 1984లోనే ముందుకు తెచ్చారు. గృహహింస జరిగిందా లేదా అన్న అంశాన్ని మధ్యవర్తిత్వానికి పంపరాదని న్యూజెర్సీ కోర్టు నియమాలు కూడా చెబుతున్నాయి. అయితే విచారణరోజున న్యాయస్థానం వసారాలో న్యాయవాదులు నేరుగా జరిపే సంప్రదింపుకు ఈ నియమం అడ్డురాదు. శిక్షణ పొందిన మధ్యవర్తి ఎదుట కూడదన్న పని, ఎవరి పర్యవేక్షణా లేని చోట సాగిపోతుంది. ఈ వ్యవస్థలోని ప్రధాన వైరుధ్యం ఇదే.

ఫిర్యాదు ఉపసంహరణ స్వచ్ఛందమేనా అని న్యాయమూర్తి ఆమెను అడుగుతారు. ఆమె 'అవును' అంటుంది. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. ఉన్న మార్గాలలో ఆమె ఒకదానిని ఎంచుకొన్నది నిజమే. ఆ మార్గాలు ఎలా కుదించుకుపోయాయన్న విచారణ మాత్రం ఆ ప్రశ్నలో లేదు. కనుక సంతకం చేసిన స్త్రీని నిందించే విమర్శ లక్ష్యం తప్పుతుంది. విమర్శించవలసింది ఆమెను ఆ ఎంపికకు తెచ్చిన ఏర్పాటును.

4. ఒప్పందపాఠంలోని భాష

ఒప్పందాన్ని ఒక పాఠంగా తీసుకొని చదివితే అందులో మూడు భాషాలక్షణాలు ప్రధానంగా కనిపిస్తాయి.

మొదటిది పరస్పరత. 'ఇరుపక్షాలు ఒకరినొకరు వేధించరాదు' అన్న వాక్యం సమానత్వాన్ని పాటిస్తున్నట్లు కనిపిస్తుంది. కొట్టినవారూ దెబ్బలు తిన్నవారూ ఆ వాక్యంలో ఒకే వ్యాకరణస్థానాన్ని పొందుతారు. తనపై ఫిర్యాదే లేని వ్యక్తిమీద తుది నిరోధ ఉత్తర్వు రాదు. ఒప్పందంలో మాత్రం ఏ ఆరోపణా లేని బాధితురాలు కూడా నిషేధాలకు లోబడుతుంది. పిల్లల బడి గురించి ఆమె పంపిన ఒక సందేశం రేపు ఆమెమీదనే ఉల్లంఘన దరఖాస్తుకు ఆధారం కావచ్చు.

రెండవది కర్తృలోపం. 'ఏ పక్షమూ ఏ తప్పునూ అంగీకరించడం లేదు' అన్న నిబంధన ఇటువంటి పత్రాలలో సాధారణం. 'ఇరువురి మధ్య తలెత్తిన విభేదాల దృష్ట్యా' వంటి పదబంధాలు దానికి తోడవుతాయి. విభేదాలు వాటంతట అవే తలెత్తినట్లుగా రాయడంవల్ల హింసకు కర్త లేకుండా పోతాడు. కొన్నేళ్ల తరువాత పిల్లల సంరక్షణ వివాదం వచ్చినపుడు ఈ లోపం ప్రయోజనాన్ని నిర్ణయిస్తుంది. హింస జరిగిందన్న న్యాయనిర్ణయం ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి ఆమె దానిని మొదటినుంచీ రుజువు చేసుకోవాలి. ఉపసంహరించుకొన్న పాత ఫిర్యాదులలోని విషయాలను గత చరిత్రగా వినకపోవడం పొరపాటని అప్పిలేట్ డివిజన్ ఒక వ్యాజ్యంలో చెప్పింది. ఆ దారి మూసుకుపోలేదు. అయినా ఆ భారం ఆమెమీదనే ఉంది.

మూడవది అస్పష్టత. 'మర్యాదగా ప్రవర్తించాలి', 'అనవసరంగా సంప్రదించరాదు' వంటి నిబంధనలను అమలుపరచడం ఏ న్యాయస్థానానికైనా కష్టం. ఏది అవసరం, ఎంత మర్యాద అన్నది ప్రతిసారీ వాదనకు వస్తుంది. దూరం, చిరునామాలు, సంప్రదింపు జరగవలసిన ఒకే మార్గం, పిల్లలను అప్పగించే స్థలం, సమయం స్పష్టంగా రాసినపుడే ఉల్లంఘన రుజువుకు అందుతుంది.

దెబ్బ కనిపించని నియంత్రణ విషయంలో ఈ స్పష్టత మరింత అవసరం. డబ్బును, కదలికలను, స్నేహాలను అదుపులో పెట్టడమే గృహహింసకు మూలమని ఇవాన్ స్టార్క్ 2007లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించారు. న్యూజెర్సీ శాసనం కూడా 2024 జనవరిలో వచ్చిన సవరణతో ఇటువంటి నియంత్రణను తుది ఉత్తర్వు విచారణలో పరిగణించవలసిన అంశంగా చేర్చింది. ఒప్పందాలు ఎక్కువగా శారీరకదూరాన్ని గురించే మాట్లాడతాయి. బ్యాంకు ఖాతా పాస్‌వర్డు, ఫోనులోని స్థాననిర్దేశం, పాస్‌పోర్టు వంటివి వాటిలో చోటుచేసుకోకపోతే నియంత్రణ చెక్కుచెదరకుండా మిగులుతుంది.

5. ఆధారిత వీసాపై ఉన్న తెలుగు స్త్రీ

హెచ్-1బి ఉద్యోగి జీవితభాగస్వామిగా హెచ్-4 వీసాపై వచ్చిన స్త్రీ విషయంలో పై సమస్యలు మరింత జటిలమవుతాయి. ఆమె నివాసహోదా భర్త హోదాపై ఆధారపడి ఉంటుంది. విడాకులతో అది ముగుస్తుంది. 2015 నుంచి కొన్ని వర్గాల హెచ్-4 స్త్రీలకు ఉద్యోగానుమతి లభిస్తున్నా, అందుకు భర్త శాశ్వతనివాస ప్రక్రియ ఒక దశకు చేరి ఉండాలి. అందువల్ల భర్త ఉద్యోగం పోతే ఆమె భరణమే కాదు, ఆ దేశంలో ఆమె నిలువనీడ కూడా పోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మభేదాన్ని గుర్తించాలి. తుది నిరోధ ఉత్తర్వు సివిల్ స్వభావం కలది. అది రావడం ఒక్కటే ప్రతివాదిని దేశంనుంచి పంపించడానికి ఆధారం కాదు. రక్షణ ఉత్తర్వులో హింస, బెదిరింపుల నుంచి కాపాడే భాగాన్ని ఉల్లంఘించాడని న్యాయస్థానం నిర్ణయిస్తే మాత్రం ఫెడరల్ వలసచట్టం ప్రకారం అది బహిష్కరణకు ఆధారమవుతుంది. ఈ రెండింటి మధ్యనున్న తేడా సంప్రదింపులో తరచు చెరిగిపోతుంది. 'ఉత్తర్వు వస్తే అతని వీసా పోతుంది, నీ వీసా కూడా పోతుంది' అన్న మాట బంధువుల నోట, స్నేహితుల నోట వినిపిస్తుంది. నిరాధారమైన భయం ఆ విధంగా ప్రతివాది బేరశక్తిగా మారుతుంది.

ఆమెకు చట్టం కల్పించిన మార్గాలు పరిమితం. స్త్రీలపై హింస నిరోధక ఫెడరల్ చట్టం కింద సొంతంగా దరఖాస్తు చేసుకొనే వీలు అమెరికన్ పౌరుల, శాశ్వతనివాసుల భార్యలకే ఉంది. హెచ్-1బి ఉద్యోగి భార్యకు అది వర్తించదు. హింసకు గురైన హెచ్-4 స్త్రీలు విడిగా ఉద్యోగానుమతికి దరఖాస్తు చేసుకొనే నిబంధన 2017 నుంచి ఆచరణలోకి వచ్చింది. నేరబాధితులకు ఉద్దేశించిన యు-వీసాకు గృహహింస అర్హతనిస్తుంది. దానికి ఏటా 10,000 అన్న పరిమితి ఉంది. నేరపరిశోధనలో సహకరించినట్లు అధికారుల ధ్రువీకరణ కూడా కావాలి. ఫిర్యాదునూ వాంగ్మూలాన్నీ వెనక్కు తీసుకోవాలనీ, పోలీసులతో ఇక మాట్లాడరాదనీ ఒప్పందంలో రాయించుకొంటే ఈ మార్గానికి విఘాతం కలుగుతుంది. అందుచేత వలసచట్టం తెలిసిన న్యాయవాది చూడని సివిల్ నిరోధ ఒప్పందం హెచ్-4 స్త్రీ విషయంలో అసంపూర్ణం.

మరొక సమస్య బంధుత్వ వ్యవస్థకు సంబంధించినది. భర్త ఫోను చేయడం మానినా, అత్తమామలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఆమె తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి ఒత్తిడి తేవచ్చు. సంబంధం కుదిర్చిన పెద్దమనుషులు మాట్లాడవచ్చు. ఇతరుల ద్వారా సంప్రదించడాన్ని నిషేధించే నిబంధన ఒప్పందంలో రాసినా అది ప్రతివాదినే బంధిస్తుంది. ఇక్కడి బంధువులపై న్యూజెర్సీ న్యాయస్థానానికి ఆచరణలో పట్టు లేదు. సివిల్ ప్రక్రియాస్మృతి 44ఎ సెక్షన్ కింద నేరుగా అమలుచేయదగిన డిక్రీలనిచ్చే దేశాల జాబితాలో అమెరికా లేదు. తిరుపతిలో వివాహమాడిన ఒక జంటకు మిస్సోరి రాష్ట్రంలో వచ్చిన విడాకుల డిక్రీని గుర్తించడానికి సుప్రీంకోర్టు 1991లో నిరాకరించింది. ఇరుపక్షాల సమ్మతి, వివాహచట్టపు ఆధారం లేనిదే విదేశీ నిర్ణయం ఇక్కడ చెల్లదన్న ఆ సూత్రం స్త్రీలకు మేలు చేసినదే. న్యూజెర్సీలో కుదిరిన ఒప్పందం మాత్రం సముద్రం దాటితే కేవలం సాక్ష్యపత్రంగా మిగులుతుందన్నది దానికి మరో పార్శ్వం.

6. భారతీయ చట్టంలో సమాంతరాలు

భారతదేశంలో గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 అదే సంవత్సరంలో ఆమోదం పొంది 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. 18వ సెక్షన్ రక్షణ ఉత్తర్వును, 19వ సెక్షన్ నివాస ఉత్తర్వును, 23వ సెక్షన్ మధ్యంతర ఉత్తర్వును కల్పిస్తాయి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద ఏడాదివరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 14వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు ఇరుపక్షాలను కౌన్సెలింగుకు పంపవచ్చు.

2006 నాటి నియమావళిలోని 14వ నియమం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. హింసకు ప్రతివాది చెప్పే సమర్థనకు కౌన్సెలింగులో చోటు లేదని అది నిర్దేశించింది. హింస పునరావృతం కాదన్న హామీని పొందడం కౌన్సెలింగు లక్ష్యాలలో ఒకటి. బాధితురాలు కోరితేనే పరిష్కారానికి ప్రయత్నించాలి. బలవంతం, మోసం, ఒత్తిడి వలన సమ్మతి పొందలేదని మెజిస్ట్రేటు విచారించి సంతృప్తి చెందాలి. ఆ సంతృప్తికి కారణాలను రాతపూర్వకంగా నమోదుచేయాలి. కర్తృలోపాన్నీ, నామమాత్రపు స్వచ్ఛందతనూ అరికట్టే నియమాలివి. పాఠ్యరీత్యా న్యూజెర్సీ ఆచరణకంటె ఇవి ముందడుగు.

ఆచరణలో మన దగ్గర రాజీలు ఎక్కువగా ఈ నియమం పరిధిలోకి రాకముందే ముగుస్తాయి. కుల పెద్దల ఎదుట, పోలీసు స్టేషన్‌లో కౌన్సెలింగు పేరిట తెల్లకాగితంపై రాసిన హామీపత్రం ఏ చట్టం కిందిదీ కాదు. లోక్ అదాలత్‌లో నమోదైన పరిష్కారానికి 1987 నాటి న్యాయసేవల చట్టం కింద సివిల్ డిక్రీతో సమానమైన విలువ ఉంది. దానిపై అప్పీలు లేదు. 'మళ్లీ కొట్టను' అన్న హామీ అందులో నమోదైతే, ఉల్లంఘనకు మార్గం అమలు దరఖాస్తు మాత్రమే. 31వ సెక్షన్ శిక్ష వర్తించాలంటే అదే హామీ 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వుగా వెలువడి ఉండాలి. న్యూజెర్సీలో కనిపించిన భేదమే ఇక్కడా ఉంది, పేర్లు మాత్రమే మారాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2003లో చేసిన సవరణ ఈ చర్చకు ఒక విలువైన ఉదాహరణ. భారత శిక్షాస్మృతి 498ఎ నేరాన్ని న్యాయస్థానం అనుమతితో రాజీపడదగినదిగా ఆ సవరణ మార్చింది. రాజీ కోరిన తేదీ నుంచి కనీసం మూడునెలలు గడవాలనీ, ఈలోగా ఏ పక్షమూ వెనక్కు తగ్గకపోతేనే న్యాయస్థానం రాజీని ఆమోదించాలనీ షరతు పెట్టింది. సమ్మతి కాలపరీక్షకు నిలవాలన్న ఆలోచన ఇందులో ఉంది. వసారాలో ఒక ఉదయం కుదిరే ఒప్పందాలతో పోల్చినపుడు దీని విలువ తెలుస్తుంది. అయితే ఆ మూడునెలలలో ఆమె ఎక్కడ ఉంటుంది, ఏ రక్షణలో ఉంటుంది అన్నది సవరణ చెప్పలేదు. భర్త ఇంట్లోనే ఉంటూ గడిపిన మూడునెలలు సమ్మతిని పరీక్షించే బదులు ప్రతిఘటనను అరగదీయవచ్చు. 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వైవాహిక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, పరిష్కారానికి అవకాశం కనిపిస్తే 498ఎ వ్యాజ్యాలను కూడా మధ్యవర్తిత్వానికి పంపవచ్చని చెప్పింది. దానితో సంప్రదింపుల పరిధి విస్తరించింది. ఆ సమయంలో రక్షణ ఎలా అన్న ప్రశ్న మరింత ముఖ్యమైంది.

7. ఒప్పందాన్ని సమర్థించే వాదాలు

ఒప్పందాన్ని సమర్థించే వాదాలలో బలం లేకపోలేదు. విచారణ ఫలితం అనిశ్చితం, ఒప్పందం నిశ్చితం. తుది ఉత్తర్వులో సాధారణంగా చేరని ఆర్థిక ఏర్పాట్లను, ఇంటి అద్దె, కారు రుణం, ఆరోగ్యబీమా వంటి వాటిని, ఒప్పందంలో వివరంగా రాసుకోవచ్చు. సాక్ష్యం చెప్పే వేదన తప్పుతుంది. భర్త జైలుకు పోవాలని గాని ఉద్యోగం పోగొట్టుకోవాలని గాని ఆమె కోరుకోకపోవచ్చు. ఆమె కోరేది ప్రశాంతంగా విడిగా బతకడమే కావచ్చు. ఆమె తరఫున రాజ్యమే నిర్ణయించడం మరొకరకం నియంత్రణ అవుతుందన్న వాదాన్ని తోసిపుచ్చలేం.

ఈ వాదాలు ఒప్పందం ఉండాలని నిరూపిస్తాయి. తాత్కాలిక ఉత్తర్వును ముందుగా వదులుకోవాలని మాత్రం నిరూపించవు. విచారణను వాయిదావేసి, అంతవరకు తాత్కాలిక ఉత్తర్వును కొనసాగించే వెసులుబాటు న్యూజెర్సీ న్యాయస్థానాలకు ఉంది. ఆర్థిక ఏర్పాట్లను విడాకుల వ్యాజ్యంలో సంప్రదించుకొంటూనే రక్షణను నిలుపుకోవచ్చు. ఈ రెండింటినీ ముడిపెట్టి, ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలనడం ప్రతివాదికి ఉపయోగపడే ఏర్పాటు. బాధితురాలి స్వేచ్ఛ పేరుతో దానిని సమర్థించడం తార్కికంగా నిలవదు. భద్రత ఉన్నచోట ఆమె చేసే ఎంపికే స్వేచ్ఛకు దగ్గరగా ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఉత్తర్వుకూ ఒప్పందానికీ మధ్య అసలు భేదం నిబంధనలలో లేదు. ఉల్లంఘన జరిగిన వెంటనే రాజ్యం కదలవలసిన బాధ్యతలో ఉంది. ఆ బాధ్యతే బాధితురాలు వదులుకొనే వస్తువు.

2. సంతకానికి ముందు న్యాయమూర్తి అడిగే 'స్వచ్ఛందమేనా' అన్న ప్రశ్న చాలదు. సమ్మతికి దారితీసిన పరిస్థితులను విచారించి, కారణాలను నమోదుచేయాలన్న భారతీయ నియమావళిలోని 14వ నియమం ఇందుకు మాదిరి కాగలదు.

3. పరస్పర నిబంధనలు, కర్తృలోపం, అస్పష్టత అనే మూడు భాషాలక్షణాలు ఒప్పందాన్ని బలహీనపరుస్తాయి. హెచ్-4 స్త్రీల విషయంలో పాస్‌పోర్టు, ఆర్థికస్వేచ్ఛ, బంధువుల ద్వారా వచ్చే ఒత్తిడి, యు-వీసా అవకాశం ప్రత్యేకంగా ప్రస్తావనకు రావాలి.

4. ఆంధ్రప్రదేశ్ సవరణ సమ్మతికి కాలాన్ని ఇచ్చింది, రక్షణను ఇవ్వలేదు. న్యూజెర్సీ తాత్కాలిక ఉత్తర్వు రక్షణను ఇస్తుంది, కాలాన్ని ఇవ్వదు. ఈ రెండూ కలిసినపుడే గృహహింస వ్యాజ్యంలో సంప్రదింపు న్యాయమైనదవుతుంది. సంప్రదింపు ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లు తాత్కాలిక ఉత్తర్వు అమలులో ఉండాలి. భారతదేశంలో 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన తరువాతనే కౌన్సెలింగుకు పంపడం, కుదిరిన హామీని 18వ సెక్షన్ కింద నమోదుచేయడం ఇప్పుడున్న చట్టంతోనే సాధ్యం.

తెలుగు రాష్ట్రాలలోని మెజిస్ట్రేటు న్యాయస్థానాలలోనూ, లోక్ అదాలత్‌లలోనూ నమోదైన రాజీలలో ఎన్ని 18వ సెక్షన్ రూపం పొందాయి, ఎన్ని సివిల్ హామీలుగా మిగిలాయి అన్నది క్షేత్రస్థాయి పరిశోధనకు తగిన విషయం. న్యాయశాస్త్ర, స్త్రీఅధ్యయన, భాషాశాస్త్ర విభాగాల పరిశోధకులు కలిసి ఆ పత్రాల పాఠాన్ని పరిశీలిస్తే, సమ్మతి అన్న మాట మన న్యాయస్థానాలలో ఏ అర్థంలో చెల్లుబాటవుతున్నదో స్పష్టమవుతుంది.